ఊటకలమును తెలుగు చేవ్రాతయు

వ్రాతపనిముట్టును గూర్చి పరిశోధనపత్రికయందు వ్యాసము వ్రాయబూనుట కొందఱు పండితులకు స్వల్పకార్యముగా దోపవచ్చును. కావ్యవిమర్శకులు కవిహృదయమును వెదకుదురుగాని కవిచేతి కలమును వెదకరు. అయినను వ్రాతప్రతులను ముందిడుకొని పాఠనిర్ణయము చేయువారికి కలము, సిరా, కాగితము, వ్రాసినవాని చేతివాటము అను నీ నాలుగును మౌనసాక్షులు. తాళపత్రములను గూర్చియు, గంటమును గూర్చియు మన పరిశోధకులు విశేషముగా జర్చించియున్నారు. ఊటకలముతో గాగితముపై వ్రాయబడిన యిరువదవ శతాబ్దపు ప్రతులయెడ నంతటి శ్రద్ధ కనబడదు. అవి నిన్న మొన్నటివి గదా యను భావమే యిందులకు గారణము. ఆ యుపేక్షవలన గలుగు నష్టమెట్టిదో నేను స్వయముగా ననుభవించితిని. ఆ వృత్తాంతమును వ్యాసాంతమున దెలిపెదను. అంతకుముందు తెలుగువాని చేతిలో గంటము కలమై, కలము ఊటకలమైన క్రమమును, దానితోబాటు వ్రాయువారి యలవాటులు మాఱిన విధమును సంగ్రహముగా బరిశీలింతము.

మొదట నామములను గూర్చి. ఫౌంటెన్ పెన్నని జనులు వ్యవహరించుదానికి ఊటకలమను పేరు తగియున్నది. చెలమలో నీరూరునట్లు లోనుండి సిరా తనంతట నూరివచ్చుట దాని లక్షణము. కలమను మాట అరబ్బీభాషయందు లేఖనికి బేరు. గ్రీకుభాషలో రెల్లుకఱ్ఱకు జెల్లు కలమోస్ అను శబ్దముతో దానికి సంబంధము గలదు. కలపు మొనకు మనవారు పాళీ యందురు. గంటముతో వ్రాయుట ఆకును గీఱుట. కలముతో వ్రాయుట కాగితముపై రంగు నిలుపుట. రెండింటికిని వ్రాతయనియే పేరుగాని, చేయి నేర్చుకొనవలసిన విద్య రెంటికిని వేఱు.

తాటాకుపై వ్రాయువాడు ఆకును ఎడమచేత బట్టి, గంటమును ఎడమ బొటనవ్రేలి కానించి, వ్రాత సాగినకొలది ఆకునే ప్రక్కకు జరుపుచుండును. అనగా గంటము నడచుటకంటె ఆకు నడచుట యధికము. గంటము గీచిన గీతకు లావుసన్నములు లేవు. మొదటినుండి తుదివఱకు నొక్కటే పరిమాణము. గీచినపిదప ఆకుపై మసిని రాచి తుడిచినచో గీతలయందు మాత్రము నలుపు నిలుచును. కొంతకాలమునకు నలుపు పోయినను మఱల మసి రాచినంతమాత్రమున అక్షరములు తిరిగి కనబడును. ఈ గుణమును చదువరులు జ్ఞాపకముంచుకొన బ్రార్థన. దీని ప్రసక్తి ముందు రాగలదు.

తెలుగక్షరముల గుండ్రదనమునకు తాటాకే కారణమని వాడుకగా జెప్పుదురు. ఆకునందలి యీనెలు నిడుపున సాగియుండుటచే ఆ దిక్కున గీత గీచినచో ఆకు చీలునని వారి యుపపత్తి. ఇది కొంతవఱకు యుక్తమే. అయినను ఱాతిపై జెక్కిన శాసనములయందును గుండ్రదన ముండుటచే దీని నొక్కదానినే కారణముగా బట్టరాదు. కన్నడమున నేటికిని అడ్డముగా నిలిచియున్న తలకట్టు తెలుగున రెండుగీతల కోణముగా మాఱుట యందఱెఱిగినదే. కారణమేదైనను ఫలమొక్కటి: తెలుగుచేయి వలయములకును మెలికలకును అలవడినది, లావుసన్నముల భేదము దానికి సహజము గాదు.

కాగితము వచ్చినపిదప రెల్లుకలము వచ్చినది. దీనిని కత్తితో ఏటవాలుగా జెక్కి, నడుమ జీల్చి, మసియు తుమ్మబంకయు గలిపిన సిరాలో ముంచి వ్రాయుదురు. దీని మొన వెడల్పుగలది కావున ఒకదిక్కున లావుగీతయు నింకొకదిక్కున సన్నగీతయు వచ్చును. మొన యరిగినపుడెల్ల మఱల జెక్కుకొనవలెను. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున ఉక్కుపాళీలు విరివిగా దయారై లోకమంతట వ్యాపించినవి, మనబడులలోనికిని వచ్చినవి. ఉక్కుపాళీ ఇంగ్లీషువ్రాతకు దగినట్లు చేయబడినది. క్రిందికి ఒత్తి తెచ్చునపుడు దాని రెండు మొనలు విడి లావుగీత పడును. పైకి దేలికగా బోవునపుడు మొనలు కలిసి సన్నగీత పడును. తెలుగువ్రాత యట్లుకాదు. గుడి పైకెక్కును, కొమ్ము ప్రక్కకు మళ్లును, వట్రసుడి క్రింద జుట్టుకొనును. చేయి అన్ని దిక్కులకును ద్రిప్పవలసినదే. వాడియైన ఉక్కుమొన ఎదురుతోపునపుడు కాగితపు నారను బట్టుకొని గీఱును, సిరా చిందును. ఇట్టి పాళీతో ఓనమాలు దిద్దిన బాలుని వ్రేళ్లకును చొక్కాకును సిరా యంటకుండుట యరుదు.

ముంచివ్రాయు కలములకు మఱియొక లక్షణము గలదు. ముంచినపుడు అక్షరము చిక్కగా నుండి క్రమముగా బలుచనై, మఱల ముంచగానే చిక్కబడును. పరిశోధకునకు ఇది యుపయుక్తము. పంక్తి నడుమ నకస్మాత్తుగా చిక్కబడిన అక్షరము కనబడినచో అచట వ్రాయసకాడు ఆగెనని గ్రహింపవచ్చును. ఆగినచోటనే కన్ను తప్పుట, పంక్తి జాఱుట, పదము రెండుమాఱులు పడుట తఱుచు.

ఊటకలము పాశ్చాత్యదేశములందు బరిపక్వమైనను సిరాను తనలోనే యుంచుకొను కలమును గోరుట చాల ప్రాచీనము. పదవ శతాబ్దమున ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్ సిరాబుడ్డితో బనిలేక, వస్త్రమునకు మఱకయంటక వ్రాయుకలమును గోరి చేయించెనని ఆయనకాలపు న్యాయాధిపతి ఖాదీ అల్ నుమాన్ వ్రాసియున్నాడు. 1827లో పెట్రాకె పొయెనారు అను రుమేనియా దేశీయుడు పారిసునగరమున నిట్టి కలమునకు ఫ్రెంచి ప్రభుత్వమువలన హక్కుపత్రము పొందెను. 1884లో న్యూయార్కునందు లూయిస్ ఎడ్సన్ వాటర్‌మన్ పొందిన హక్కుపత్రము దీనిని నిత్యోపయోగమునకు దెచ్చినది. పాళీక్రింద నాలుకవలె నుండు భాగమున సన్నని గాళ్లు తీసి, సిరా వెలికి వచ్చినంత గాలి లోనికి బోవునట్లు ఆయన యేర్పఱచెను. గాలి పోనిచో సిరా రాదు. ఎక్కువ పోయినచో సిరా కక్కును. ఊటకలపు రహస్యమంతయు నీ సమతూకముననే యున్నది.

పాళీ విషయమునను రెండు సంగతులు చెప్పవలెను. కాయలనుండి తీసిన వగరుద్రవ్యమును అన్నభేదితో గలిపి చేసిన సిరా ఉక్కును దినివేయును, బంగారమును దినదు. అందుచే బంగారుపాళీలు వచ్చినవి. బంగారము మెత్తనిది కావున మొన శీఘ్రముగా నరిగిపోవును. దాని కొనకు ఇరిడియమను కఠినలోహపు బిందువు నతుకుట 1834లో జాన్ ఐజాక్ హాకిన్సు అనునాతడు సాధించెను. ఆ బిందువు గుండ్రనిది, నున్ననిది. ఇదియే మన ప్రకృతవిషయమునకు గీలకము. గుండ్రనిమొన ఏ దిక్కునకు ద్రిప్పినను కాగితమును బట్టుకొనదు, ఒత్తకయే వ్రాయును, గీత ఒక్కటే పరిమాణమున సాగును. గంటము విడిచిన నాటినుండి తెలుగుచేయి గోల్పోయిన సమరేఖను విదేశమునుండి వచ్చిన ఊటకలము మఱల దెచ్చియిచ్చినదని నా యభిప్రాయము. రెల్లుకలమును, ఉక్కుపాళీయు మన అక్షరమును తమ స్వభావమునకు లోబఱచుకొనజూచినవి. ఊటకలము అక్షరమునకు లోబడినది.

దీనికి నిదర్శనము మన వాడుకయందే యున్నది. క్రొత్తకలమును చేతబట్టిన తెలుగువాడు మొదట శ్రీ యని వ్రాసి చూచును. ఇది మంగళాచారము మాత్రమే కాదు. శకారమున వంపు గలదు. క్రింద రావడి చుట్టుకొనును. పైన గుడిదీర్ఘము మెలికపడును. పాళీ ఏ దిక్కున గీఱునో, ఎచట సిరా తప్పునో ఈ యొక్క అక్షరము చెప్పివేయును. తాళపత్రగ్రంథారంభమున వ్రాయసకాడు శ్రీకారము చుట్టినట్లే మనవారు అంగడిలో నిలుచుండి శ్రీకారము చుట్టుచుండిరి. ఆచారమును పరీక్షయు నొక్కటైన చోటిది.

ఊటకలము మనదేశమున స్వదేశివస్తువైన చరిత్రలో రాజమహేంద్రవరమునకు ముఖ్యస్థానము గలదు. గాంధీమహాత్ముని ప్రోత్సాహమున కె. వి. రత్నముగారు ఆ పురమున 1932లో కలములు చేయ నారంభించిరి. 1934లో స్థాపింపబడిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమున కార్యదర్శియగు జె. సి. కుమారప్పగారి ద్వారమున నందిన రత్నముగారి కలమును వాడి చూచి, బజారున దొరకు విదేశికలములకు బదులుగా నిది చక్కగా బనికివచ్చునని మహాత్ముడు 1935 జూలై 16వ తేదీని కృతజ్ఞతాపూర్వకముగా లేఖ వ్రాసెను. చేవ్రాత బాగుగా లేకుండుట అసంపూర్ణవిద్యకు గుఱుతని తన యాత్మకథయందు జెప్పుకొని చింతించిన మహనీయుడు కలమును బరీక్షించి మెచ్చుట గమనింపదగినది.

రాజమహేంద్రవరపు కలములకు ముఖ్యద్రవ్యము ఎబొనైటు. రబ్బరును గంధకముతో గలిపి కాచగా నది కొమ్మువలె గట్టిపడును. ఆ కడ్డీని తరిమెనపట్టి లోన దొలిచి, మరలు తీసి కలము చేయుదురు. ఇది చేతికి చల్లగా దగులదు; చెమటలో జాఱదు. ఎండలో నుంచినచో నలుపు తఱిగి పచ్చనిచాయ గల గోధుమవన్నెకు దిరుగును. తొలికాలపు కలములలో సిరాను గాజుగొట్టముతో నేరుగా పొట్టలో బోయుదురు. ఇట్టి కలమునకు మన వేసవియందొక చిక్కు గలదు. సిరా సగమునకు దిగినపుడు లోనిగాలి చేతివేడికి విరిసి సిరాను బయటకు ద్రోయును. అంతవఱకు జక్కగా వ్రాసిన పుటపై బొట్టు పడును. దీని నెఱిగినవారు కలము పూర్తిగా నొట్టిపోవువఱకు నాగక ముందే నింపుకొనుచుందురు. మూత తీసి పాళీని మీదికి నిలిపి యొకక్షణ మాగి వ్రాయుదురు. వ్రాతబల్లపై అద్దుడుకాగితము నుంచుకొనుట యీ భయమున బుట్టిన యలవాటు.

వ్యక్తివ్యక్తికిని గల అభిరుచులను గూర్చి చెప్పబూనినచో గ్రంథమగును. బాల్యమున మేము పాళీని జుట్టునకు దుడుచుకొనెడివారము. సిరా లేని స్నేహితునికి బల్లపై నాలుగుబొట్లు విదిలించి దానము చేసెడివారము; కలమును మాత్ర మిచ్చెడివారము కాము. లేఖనిని పరుల కిచ్చినచో మఱల రాదనియు, వచ్చినను చెడివచ్చుననియు బోధించు సంస్కృతచాటువు పండితులకు సుపరిచితము. ఆ మాట ఊటకలమునకు మఱింత తగును. ఏండ్లతరబడి యొక్కచేతి వాలునకు నడచిన పాళీ ఆ వాలుననే అరుగును. ఇంకొకరు వేఱువాలున బట్టినచో గీఱును. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ కాంక్లిన్ అను కంపెనీవారి కలమును మెచ్చుటకు జెప్పిన కారణములలో నొకటి అది బల్లమీదనుండి దొర్లిపడదనుట. సిరా పీల్చుటకై దాని ప్రక్కన నమర్చిన అర్ధచంద్రాకారపు రేకు దానిని దొర్లనీయదు. మహారచయితయైనను కలమునందు గోరునది ఇట్టి చిన్నసౌకర్యమే. నా మట్టుకు నాకు కొంచెము మొద్దుపాళీయు, గీతలులేని కాగితమును, మూత తగిలింపని తేలికకలమును ఇష్టము. గీతలు గీచిన కాగితమున తెలుగు ఒత్తులకు జోటు చాలదు. క్రిందిపంక్తి గుడులతో బైపంక్తి ఒత్తులు తగవులాడును.

ఇట్టి యలవాటులు పరిశోధనకు బనికివచ్చుట యెట్లన్న, ఒక్క నిదర్శనము చాలును. గాంధీమహాత్ముడు 1909 నవంబరున ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు బోవుచు కిల్డోనన్ కాసిల్ అను ఓడలో హింద్ స్వరాజ్ గ్రంథమును గుజరాతీభాషలో వ్రాసెను. కుడిచేయి యలసినపుడు ఎడమచేత వ్రాసెను. 275 పుటల వ్రాతప్రతిలో సుమారు 40 పుటలు ఎడమచేతివి. అచ్చుప్రతిని మాత్రమే చదువువానికి ఈ సంగతి తెలియదు. ఆ గ్రంథమున గల యావేగము, విరామమెఱుగని ధార, వ్రాతప్రతియందు గంటికి గనబడుచున్నవి. అట్లే దిద్దుబాటులును. తాటాకుపై దప్పు వ్రాసినచో చెఱుపుట దుష్కరము. కాగితముపై గొట్టివేయవచ్చును, విడిచినదానిని హంసపాదము పెట్టి పైన జేర్పవచ్చును. ఆ హంసపాదము ఏ సిరాతో బడినదో, ఏ పాళీతో బడినదో చూచినచో అది వ్రాయునపుడే చేసిన సవరణయో, ఏండ్లపిదప పునర్విమర్శలో జేర్చినదో తెలియును. పాఠపరిష్కర్త కింతకంటె గావలసిన దేమి?

ఇక నేను చెప్పెదనన్న వృత్తాంతము. మా గురువుగారు ఒక శతకమునకు వ్యాఖ్య వ్రాయుచుండిరి. పెక్కు తాళపత్రప్రతులను సరిచూచి, ప్రతిపద్యమునకును పాఠాంతరములను గుర్తించి వ్రాసిన వ్యాఖ్య యది. వారికొక నల్లని ఎబొనైటుకలము గలదు. పాళీ ఎడమప్రక్క కొంచెము అరిగియుండెను. వాడునది నీలినలుపు సిరా. అది వ్రాసినపుడు పాలిపోయినట్లుండి మఱునాటికి నల్లబడును. కన్నులు మందగించినపిదప, వ్రాసిన అక్షరము వెంటనే స్ఫుటముగా గనబడుటలేదని వారు బాధపడుచుండగా విని, నేను బజారునకు బోయి మిలమిలలాడు నీలిసిరాబుడ్డిని దెచ్చి యిచ్చితిని. వారు శ్రీకారము చుట్టి చూచి, "కన్నులకు హాయిగా నున్నదిరా నాయనా" యని సంతసించిరి. మిగిలిన వ్యాఖ్యనంతయు ఆ సిరాతోనే ముగించిరి.

వారు స్వర్గస్థులైన కొన్నియేండ్లకు ఒక వర్షాకాలమున ఇంటికప్పు కాఱి, కాగితములున్న పెట్టెలోనికి నీరు దిగినది. వారి కుమారులు నన్ను బిలిపించిరి. పూర్వార్ధపు కాగితములకు మఱకలంటినవిగాని అక్షరము చెక్కుచెదరలేదు. ఉత్తరార్ధమున అక్షరము లేదు. కాగితమంతయు లేతనీలపు మబ్బు గ్రమ్మినట్లుండెను. వెలుగున కెదురుగా బట్టి చూచితిని. ఏటవాలుగా దీపమునుంచి చూచితిని. ఊటకలమునకు ఒత్తిడి యక్కఱలేదని పైన బొగడితిని గదా! ఆ గుణమే యిచట దోషమైనది. కాగితముపై గీత జాడయైన లేదు. తాటాకుపై మసి పోయినను గంటపు గాయము మిగులును. మఱల మసి రాచినచో అక్షరము బ్రదుకును. ఊటకలము గంటపు సమరేఖను దెచ్చెనుగాని గంటపు గాయమును దేలేదు. దాని అక్షరమునకు సిరాయే ప్రాణము, సిరాయే దేహము. ఉత్తరార్ధమున వారు సాధించిన పాఠములను నేను నాకు జ్ఞాపకమున్నంత వ్రాసికొంటిని. అది పదింట నొకపాలైన గాదు. ఆ నీలిసిరాను దెచ్చినవాడను నేనే.

ఇందలి శాస్త్రము సులభము. నీలినలుపు సిరాలో అన్నభేదియు కాయల వగరును గలవు. కాగితముపై గాలిసోకగా నవి రెండును గలిసి నీటికి గరగని నల్లని పదార్థమగును. మొదట గనబడు నీలము కంటికి దోడుగా గలిపిన రంగుమాత్రమే. మన పూర్వులు కరక్కాయతోను అన్నభేదితోను సిరా చేసినదియు నీ న్యాయముననే. అన్నభేది మితిమీఱినచో కాగితమును దినుననుట నిజమేగాని, తగుపాళ్లలో నున్నచో చిరకాలము నిలుచును. కేవలము రంగునీరగు సిరా చూపునకు సొంపు. నీటికి గరగును, ఎండకు వెలియును. మసిసిరా వెలియదుగాని అందలి మసియు బంకయు ఊటకలపు నాలుకలో నడ్డుపడును. కావున ఊటకలముతో వ్రాయువానికి ఏ పాళీ యిష్టమనుట అభిరుచి. ఏ సిరా వాడవలెననుట మాత్రము ధర్మము.

1938లో లాస్లో బీరో అను హంగరీదేశీయుడు హక్కుపత్రము పొందిన గుండుకలము పిమ్మట లోకమంతయు నాక్రమించినది. నేడు పలువురు మీటలు నొక్కియే వ్రాయుచున్నారు. వానిని నిందించుట నా యుద్దేశము గాదు. గంటమును విడిచినందుకు మన పూర్వులను మనము నిందించుట లేదు. అయినను ఊటకలపుకాలము ముగిసినదగుటచే ఆ కాలపు ప్రతులు ఇక బెరుగవు, తఱుగుటయే కలదు. అందుచే పరిష్కర్తలకు నా విన్నపము మూడు విధములు. ఇరువదవ శతాబ్దపు వ్రాతప్రతిని వర్ణించునపుడు పుటల సంఖ్యతోబాటు సిరావన్నెను, పాళీ వెడల్పును, అవి మాఱిన చోటులను గూడ వ్రాయుడు. నీలిసిరా ప్రతులు చేతజిక్కినచో మొదట వానికి ప్రతికృతి తీయుడు. చర్చ పిమ్మట జేయవచ్చును. పెద్దల కాగితములు గల యిండ్లకు బోయినపుడు పెట్టె నేలపై నున్నదో, కప్పు కాఱుచున్నదో చూచి మఱీ కావ్యమును గూర్చి యడుగుడు.

గురువుగారి కలము నాకడ నున్నది. పాళీ వారి చేతివాలున అరిగియుండుటచే నా చేతిలో గీఱుచుండును. అయినను ఈ వ్యాసమును దానితోనే, నీలినలుపు సిరాతో వ్రాసితిని. ఇందలి గుణదోషములను పండితులు విమర్శింతురుగాక.